ఒటీలియ కోతగంట

మఠం వాళ్ళ ఎర్ర వైన్ సీసా మీద ఇప్పుడొక గంట బొమ్మ ఉంటుంది. చిన్న ప్రార్థన మందిరం, దాని నెత్తిన గంట, పక్కన నాలుగు ద్రాక్షాకులు, అంతా బంగారు రంగు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. రెగీనాకి వయసు మీదపడి కోపం ఎక్కువైందని ఊళ్ళో అనుకుంటున్నారట. అనుకోనివ్వండి. వయసుకీ దీనికీ సంబంధం లేదు. ఆ గంట మోగించిన మనిషి నా వదిన ఒటీలియ. సీసా మీద ఆమె పేరు లేకపోతే పోయింది, ఎవరూ పేరు అడగలేదు. కానీ సీసా లోపల ఆమె తోట పండు ఒక్కటి కూడా లేదు. నా కోపమంతా అక్కడ.

మఠం అంటున్నానే గానీ అందులో సన్యాసులు లేరు. మా ముత్తాతల కాలంలోనే వెళ్ళిపోయారు. ఇప్పుడక్కడ ఒక డైరెక్టరు, ఒక ఆఫీసు, పీపాలు పేర్చిన నేలమాళిగలు ఉన్నాయి. రైన్ నది వంపు తిరిగే చోట పలకరాతి కొండ ఒకటి నిటారుగా లేస్తుంది. పైభాగం మఠం సొంత సాగు, కిందిభాగం మాలాంటి కౌలుదార్లది. నదికి ఎగువన ఉన్న ఊళ్ళన్నీ తెల్ల వైన్ ఊళ్ళు. ఎర్రది మా ఒక్కళ్ళదే. బుర్గుండర్ అనే నల్ల ద్రాక్షతో చేస్తాం. గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనబడేంత పలచగా ఉంటుంది, కానీ వాసన గది దాటి పోతుంది. తాగినవాడు గట్టిగా మాట్లాడడం మానేస్తాడని మా నాన్న అనేవాడు. నా విషయంలో అది పనిచేయలేదు.

కౌలు షరతులు సన్యాసులు పెట్టినవే, ఇప్పటికీ అవే నడుస్తాయి. పండినదాంట్లో మూడో వంతు, కుళ్ళు లేనిది, మఠం గానుగకు పోయాలి. ఏ ఏడైనా పోయలేకపోతే తోట తిరిగి మఠం చేతికి పోతుంది. పళ్ళు రంగు తిరగగానే కొండ మూసేస్తారు. దారి మొదట్లో ఒక కర్ర పాతి దానికి గడ్డిచుట్ట కడతారు. అది కనబడుతున్నన్నాళ్ళూ సొంత తోటలోకైనా ఎవరూ అడుగు పెట్టకూడదు, పెడితే కౌలు పోతుంది. కోత కమిటీ రోజు నిర్ణయించాక కొండ కింది మందిరంలో గంట మోగుతుంది. తొలిరోజు గంట మోగుతున్నంతసేపే కోత. మధ్యలో గంట ఆగితే ఎక్కడివాళ్ళక్కడ బుట్టలు దించి కిందికి వచ్చేయాల్సిందే.

ఆ గంట తాడు మా పుట్టింటిది. మందిరాన్ని ఆనుకుని ఉన్న తోట మా నాన్న కౌలు, తోటతో పాటు తాడు కూడా వచ్చింది. గంట కొట్టేవాళ్ళు రోజంతా తాడు దగ్గరే ఉండాలి కదా, మరి వాళ్ళ పళ్ళు ఎవరు కోస్తారు? సాయంత్రం కొండ దిగి వస్తూ ఊరు ఊరంతా మా తోటలో పడేది. ముసలివాళ్ళు, పెళ్ళికూతుళ్ళు, చంకలో పిల్లలున్న తల్లులు, అందరూ ఒక్క ఊపున కోసేసి, మా అమ్మ పెట్టిన ఉల్లిపాయ రొట్టె తిని, పాటలు పాడుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళు. ఎవరూ పిలవక్కర్లేదు, ఎవరూ థాంక్స్ చెప్పక్కర్లేదు. గంటవాళ్ళ తోట ఊరు కోస్తుంది, అంతే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, చెక్ దేశపు బొహీమియా నుంచి తరిమేసిన జర్మన్ కుటుంబాలను రైళ్ళలో తెచ్చి మా ఊళ్ళలో దించారు. ఇంటికొకరిని పెట్టుకోమన్నారు. మా ఇంటికి ఒటీలియ వచ్చింది. చేతిలో దుప్పటి మూట, కాళ్ళకు రెండు రకాల బూట్లు. అమ్మ ఆమెను గుమ్మంలోనే నిలబెట్టి ఎగాదిగా చూసింది.

"పని చేతనవునా?"

"చెప్తే చేస్తానమ్మగారూ."

"ద్రాక్ష సంగతి ఏమైనా తెలుసా?"

"తినడం తెలుసు."

పొయ్యి దగ్గర కూర్చున్న మా అన్నయ్య ఆన్సెల్మ్ పకపకా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. రెండేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి పెళ్ళిలో కూడా నవ్వలేదు.

ఆ మొదటి చలికాలంలోనే ఒటీలియ పని నేర్చుకుంది. వానలకు కొండ మీది రాతిమట్టి కిందికి జారుతుంది. దాన్ని బుట్టకెత్తి వీపున మోసుకుని మళ్ళీ పైకి తీసుకెళ్ళి తీగల మొదట్లో పోయాలి. గాడిద కూడా మొరాయించే పని. మొదటి రోజు ఆమె భుజాలు కోసుకుపోయి చొక్కాకు నెత్తురంటింది. రెండో రోజు ఆ భుజాల మీద గోనెపట్టా వేసుకుని మళ్ళీ వచ్చింది. పుట్టుకతోనే ద్రాక్ష తెలిసిన మా ఊరి ఆడపిల్లలం, నేనూ నా స్నేహితురాళ్ళూ, ఆ పని పేరు చెబితే కడుపునొప్పి తెచ్చుకునేవాళ్ళం.

గడ్డిచుట్ట విషయంలో ఆమె పట్టింపు చూస్తే నవ్వొచ్చేది. ఒక ఏడు కొండ మూసేశాక వాళ్ళ మేక తాడు తెంపుకుని లోపలికి దూరింది. ఏ మనిషైనా ఏం చేస్తాడు? రెండడుగులు వేసి మెడ పట్టుకుని లాక్కొస్తాడు. ఈమె గడ్డిచుట్టకు ఇవతలే నిలబడి, క్యారెట్ చూపిస్తూ, "రా తల్లీ, రా బంగారం, నా కొంప తీయకు" అని బతిమాలింది. మేక మా తోటలో సగం వరస ఆకులు నమిలి తీరిగ్గా వచ్చింది. ఆ కథ ఊరంతా చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "వలసొచ్చిన పిల్ల మఠాధిపతి కంటే నిష్ఠగా ఉందే!" అన్నారు. పాతికేళ్ళు ఊళ్ళో బతికినా ఆమె వాళ్ళకు వలసొచ్చిన పిల్లే.

పిల్లలు కలగలేదు. అన్నయ్య ఊపిరితిత్తుల జబ్బుతో ఒక ఫిబ్రవరిలో పోయాడు. అప్పటికి తోటలో కొమ్మల కత్తిరింపు సగంలో ఉంది. పూడ్చిపెట్టిన మర్నాడే ఒటీలియ నల్లబట్టల మీద పాత కోటు వేసుకుని, కత్తెర పట్టుకుని కొండెక్కింది. "రాతి గుండె" అంది మా అమ్మ. నాకు మండింది. "నువ్వు ఇక్కడ కూర్చుని ఏడు అమ్మా, ఆమె అక్కడ కత్తిరిస్తూ ఏడుస్తోంది, పోయి చూడు" అన్నాను. నేను చూశాను కాబట్టి అన్నాను. తోట కౌలూ గంట తాడూ ఆమె చేతికి వచ్చాయి. ఆ తోట తప్ప ఆమెకు ఇంకేమీ మిగల్లేదు. ఆన్సెల్మ్‌తో కలిసి ఉన్నదంతా ఆ వరసల మధ్యే.

తర్వాత కొన్నేళ్ళకు మఠానికి కొత్త డైరెక్టరు వచ్చాడు. డాక్టర్ ఎషెన్‌రోట్. ఎగువ ఊళ్ళ మనిషి, తెల్ల వైన్ కుటుంబం, మంచి సూటు, మంచి మాట. ఒక వసంతంలో ఒటీలియ తీగలు కడుతుండగా కారు దిగి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ చూశాడు.

"చక్కటి చోటమ్మా ఇది. రోడ్డు పక్కనే. అతిథుల కార్లు ఆపుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. మీకు కూడా ఈ వయసులో ఎందుకు శ్రమ?"

"నా మోకాళ్ళు మీతో ఏమైనా చెప్పాయా డాక్టర్ గారూ?" అంది ఒటీలియ తీగ వదలకుండా.

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. అలా నవ్వి వెళ్ళిపోయేవాళ్ళంటేనే నాకు భయం. అరిచేవాణ్ణి తిరిగి అరవచ్చు.

ఆ శరదృతువులో ముందు వానలు పడ్డాయి. వానలు ఆగాక నది మీంచి వెచ్చటి పొగమంచు లేచి కొండ కిందిభాగాన్ని కప్పేసింది. బుర్గుండర్ గుత్తులు పిడికిలి బిగించినట్టు బిగుతుగా ఉంటాయి, ఒక పండు కుళ్ళితే గుత్తంతా పోతుంది. కోత రోజు కోసం అందరం ఎదురుచూస్తున్నాం. ఆదివారం కమిటీ కూర్చుంది. డైరెక్టరే దాని పెద్ద. నా మొగుడు విన్‌ఫ్రీట్ అందులో సభ్యుడు. రాత్రి భోజనాల దగ్గర బంగాళాదుంప సూప్‌లో రొట్టె ముంచుతూ మెల్లగా చెప్పాడు.

"శనివారమట."

"ఏమిటి శనివారం?"

"గంట. మంత్రిగారు వస్తున్నారు. బ్యాండు మేళం, టీవీవాళ్ళు. మంత్రిగారే తాడు లాగుతారట."

"శనివారం దాకా ఈ మంచులో మన పళ్ళు నిలుస్తాయా?"

"నిలవవు."

"ఆ మాట అక్కడ చెప్పావా?"

"ఎవరూ చెప్పలేదు."

"ఎవరి సంగతీ నాకెందుకు? నువ్వు చెప్పావా?"

విన్‌ఫ్రీట్ చెంచా కింద పెట్టాడు. "ఆయన ఏమన్నాడో తెలుసా? ఆగడమే మన మఠం విద్య అన్నాడు. సన్యాసులు ఆగారు, మనమూ ఆగుదాం అన్నాడు."

"ఆగితే బాగుపడేది తెల్ల ద్రాక్ష! దానికి కుళ్ళు పడితే తేనెలాంటి తియ్యటి వైన్ అవుతుంది. మనదానికి రంగంతా తొక్కలో ఉంటే, ఆ తొక్కనే కుళ్ళు తినేస్తే మిగిలేదేమిటి? బురదనీళ్ళు! ఆ మాత్రం తెలీదా ఆయనకి?"

"ఎందుకు తెలీదు? బాగా తెలుసు. మఠం తోటలు కొండ పైన గాలికి ఆరిపోతాయి. పోయేవి మనవి. మనం మూడో వంతు పోయలేకపోతే తోటలు ఎవరివవుతాయి?"

"అంత తెలిసీ నోరు మూసుకుని వచ్చావా!"

"వచ్చే ఏడు మన కౌలు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే, రెగీనా."

నేను సూప్ గిన్నె తీసుకెళ్ళి తొట్టిలో కుమ్మరించాను. ఆకలి చచ్చిపోయింది. కమిటీలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ ఇంట్లో భార్యల దగ్గర పులులు. పండుగలో బల్ల మీద గుద్ది పాటలు పాడతారు. ఆ సూటు ముందు మాత్రం ఒక్కడికీ గొంతు పెగల్లేదు.

సోమవారం ఒటీలియ ఆదివారాలు వేసుకునే కోటు వేసుకుని మఠం ఆఫీసుకు వెళ్ళింది. ఆయన ఆమెను కూర్చోమనలేదు. అంతా విని, "కష్టమేనమ్మా. ఈ ఏడు మూడో వంతు రాకపోతే ఆ కార్ల స్థలం గురించి ప్రశాంతంగా మాట్లాడుకుందాం" అన్నాడట. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆమె కోటు బొత్తాలు కూడా విప్పలేదు.

మంగళవారం పొద్దున నేను వెళ్ళేసరికి గడ్డిచుట్ట పక్కన నిలబడి తన తోటను చూస్తోంది. కింది వరసల్లో గుత్తుల మీద అప్పుడే బూడిదరంగు బూజు కనబడుతోంది.

"వదినా, లోపలికి దూరి కుళ్ళినవన్నా గిల్లిపారేద్దాం. ఈ మంచులో ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

"అయితే తోట పోనివ్వు! శనివారం దాకా ఇక్కడే నిలబడి దానికి క్యారెట్ చూపించు!"

నేను కోపంలో అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "మూడో వంతు మంచివి రేపటి దాకా దొరుకుతాయి. ఎల్లుండి దొరకవు. నాకే కాదు, కింద ఎవరికీ దొరకవు" అంది. మందిరం వైపు తిరిగి, "గంట మోగకుండా నేను దాటను రెగీనా" అంది. నాకప్పుడు అర్థం కాలేదు.

బుధవారం తెల్లారీ తెల్లారకముందే గంట మోగింది.

కోతగంట అంటే ఏమిటో మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు తెలుసు. అది మోగితే ఎందుకని ఎవరూ అడగరు, ముందు కాళ్ళు లేస్తాయి. వీధిలో తలుపులు టపటపా తెరుచుకున్నాయి. బుట్టలు, కత్తెర్లు, ట్రాక్టర్లు. విన్‌ఫ్రీట్ ఒక బూటు తొడుక్కుని ఇంకోటి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"శనివారం కదా? కమిటీ ఏమీ..."

"గంట వినబడట్లేదా? చెవులు కూడా కమిటీకిచ్చి వచ్చావా? బుట్ట తియ్యి!"

కొండ దగ్గరికి పోయేసరికి గడ్డిచుట్ట కర్ర పీకి పక్కన పెట్టి ఉంది. జనం బిలబిలమంటూ ఎక్కిపోతున్నారు. నేను మందిరంలోకి పరిగెత్తాను. ఒటీలియ తాడు పట్టుకుని మొత్తం ఒంటితో లాగుతోంది.

"ఎవరు కొట్టమన్నారు వదినా?"

"ఎవరూ అనలేదు."

"చంపేస్తారు నిన్ను! ఇలా ఇవ్వు, కాసేపు నేను లాగుతాను. నేనూ గంటవాళ్ళ ఇంట్లో పుట్టినదాన్నే."

"ముట్టుకోకు! నీ చెయ్యి పడితే విన్‌ఫ్రీట్ కౌలు కూడా పీకేస్తారు. పో, మీ పళ్ళు కోసుకో."

"మరి నీవి?"

"సాయంత్రం అందరూ వస్తారుగా" అంది ఒటీలియ. అంత నమ్మకంగా అంది.

నేను పైకెక్కుతుండగానే డైరెక్టరు కారు వచ్చింది. పైనుంచి మాకు అంతా కనబడుతోంది, మందిరం తలుపు తీసే ఉంది కాబట్టి మాటలు కూడా వినబడ్డాయి.

"ఆపండి! ఎవరిచ్చారు మీకు అధికారం?"

"ఆపితే వాళ్ళంతా దిగాలి డాక్టర్ గారూ. దిగనివ్వను."

"మీ కౌలు పోతుంది, తెలుసా?"

"తెలుసు. కాస్త పక్కకు జరగండి, తాడు తగుల్తుంది."

ఊరంతా కొండ మీంచి చూస్తుండగా ఒక ఆడమనిషి చేతిలోంచి తాడు లాక్కునేంత తెలివితక్కువవాడు కాదాయన. వెనక్కి వచ్చి మందిరం ఎదురుగా కారుకు ఆనుకుని నిలబడ్డాడు. అలాగే నిలబడి, ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో చూస్తూ ఉండిపోయాడు. గంట ఆగలేదు. మధ్యాహ్నం రొట్టె తినే వేళకూ ఆగలేదు. మేం పళ్ళు కోస్తుంటే ఆ మోత మా వీపుల మీద చెయ్యి వేసి తోస్తున్నట్టుండేది. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. "బతికించింది మహాతల్లి!" అని కమిటీలో ఉన్న గ్లాసర్ ముసలాయన పక్క వరసలోంచి అరిచాడు. కుళ్ళు అప్పుడే మొదలైంది కాబట్టి ఏరి తీస్తే మంచి పండు కావలసినంత దొరికింది. ఊళ్ళో ప్రతి ఇంటికీ దొరికింది.

పొద్దు వాలే ముందే మా తోట అయిపోయింది. "అందరినీ వదిన తోటకు తీసుకురా" అని విన్‌ఫ్రీట్‌తో చెప్పి నేను ముందు దిగిపోయాను. కత్తెర తీసుకుని కింది వరస నుంచి కోయడం మొదలుపెట్టాను. ఒక్కదాన్ని ఎంతని కోస్తాను? లోపలి నుంచి ఒటీలియ కేకేసింది.

"వస్తున్నారా?"

"దిగుతున్నారు వదినా!"

నిజంగానే దిగుతున్నారు. కానీ మా వైపు కాదు. మందిరం ముందు ఆ కారుంది, కారుకు ఆనుకుని ఆ సూటుంది. అందుకని మఠం గోడ వెనక మేకలు తిరిగే దారి ఒకటుంటే దాంట్లోంచి దిగుతున్నారు, ఒకరి వెనక ఒకరు, తలలు వంచుకుని, ఆమె మోగించిన గంటకు కోసుకున్న పళ్ళు వీపున మోసుకుంటూ. పాటలు లేవు. మాటలు లేవు. నేను గట్టు మీదికెక్కి గొంతు చించుకుని అరిచాను.

"ఇటు రండి! గంటవాళ్ళ తోట ఇటు! దారి మర్చిపోయారా సిగ్గులేనివాళ్ళారా! గ్లాసర్ తాతా, మహాతల్లి ఇక్కడుంది, ఇటు రా!"

ఒక్కరూ తల తిప్పలేదు. ఆ వరసలో ఒక ఆకుపచ్చ టోపీ కనబడింది. ఆ టోపీ అల్లింది నేనే.

"వచ్చారా రెగీనా?" అంది ఒటీలియ మళ్ళీ.

నేను కోస్తూనే ఉన్నాను. కళ్ళకు ఏమీ కనబడక వేలు కూడా కోసుకున్నాను. చీకటి పడ్డాక గంట ఆగిపోయింది. ఆమె గుమ్మంలోకి వచ్చి ఖాళీ దారిని చూసింది, సగం కూడా కోయని తోటను చూసింది. అరచేతులు తాడుకు ఒరుసుకుపోయి చర్మం లేచిపోయింది. "సరేలే, అలిసిపోయి ఉంటారు" అంది. నాకు ఆ నిమిషంలో ఆమె మీద కూడా కోపం వచ్చింది.

మర్నాడు గడ్డిచుట్ట మళ్ళీ పాతారు. మందిరానికి తాళం వేశారు. నేను కోసిన కొద్దిపాటి పళ్ళూ గానుగకు తీసుకెళితే, "నియమం తప్పినవాళ్ళ పళ్ళు తీసుకోవద్దన్నారు" అని వెనక్కి పంపారు. ఊళ్ళో మిగతావాళ్ళ మూడో వంతు మాత్రం వద్దనలేదు, ఆఖరి బుట్ట దాకా పోయించుకున్నారు. గంట తప్పయితే ఆ గంటకు కోసిన పళ్ళు ఒప్పెలా అయ్యాయి? ఈ ప్రశ్న గానుగ దగ్గరే నిలబడి అడిగాను. అందరూ తమ బూట్లు చూసుకున్నారు. ఒటీలియ పళ్ళు మా పెరట్లో కోళ్ళు తిన్నాయి. శనివారం మంత్రిగారొచ్చి, బ్యాండు మేళం మధ్య తాడు లాగి, చప్పట్లు కొట్టించుకుని పోయారు.

తర్వాతి వారం కమిటీ కూర్చుని ఒటీలియ కౌలు రద్దు చేసింది. రెండు కారణాలు చెప్పారు. చెప్పకుండా గంట కొట్టింది, మూడో వంతు పోయలేదు. విన్‌ఫ్రీట్ ఇంటికొచ్చేసరికి నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను.

"నువ్వూ చెయ్యెత్తావా?"

"అందరూ ఎత్తారు."

"ఏ చెయ్యి?"

"అదేం ప్రశ్న?"

"ఏ చెయ్యి అని అడుగుతున్నాను! కుడిచెయ్యేనా? బుధవారం కత్తెర పట్టిన చెయ్యేనా?"

"తోట పోతే మనం ఏం తిని బతుకుతాం రెగీనా, ఆలోచించు."

"మనం ఏం తింటామో తర్వాత చూద్దాం. ఇవాళ నువ్వేం తింటావో అది ముందు చూసుకో. నేను వండలేదు."

ఆ చలికాలం తీగలు వేళ్ళతో సహా పీకి తగలబెట్టారు. ఆన్సెల్మ్ కత్తిరించిన వరసలు, ఆయన పోయాక ఒటీలియ కత్తిరించిన వరసలు, ఒకే మంటలో పోయాయి. కంకర పోసి చదును చేశారు. గంటకు కరెంటు మోటారు పెట్టారు, ఇప్పుడు ఆఫీసులో మీట నొక్కితే మోగుతుంది. ఒటీలియ రొట్టెల దుకాణంలో పనికి కుదిరింది. తెల్లవారుజామునే లేచి పిండి పిసికేది. ఊళ్ళోవాళ్ళు ఆమె చేతి రొట్టె కొనుక్కుని, చూపు తప్పించి పోయేవాళ్ళు.

రెండేళ్ళు పీపాల్లో ఉన్నాక ఆ ఏటి వైన్ బయటికొచ్చింది. అంత గొప్ప ఎర్రది మఠంలో ఎప్పుడూ పుట్టలేదని పత్రికల్లో రాశారు. పట్టులా ఉందట, ఎంతో నాజూకుగా ఉందట. సన్యాసులు భోంచేసిన పాత హాల్లో పెద్ద విందు పెట్టి ఊరందరినీ పిలిచారు. ఒటీలియకూ పిలుపు వచ్చింది. మర్యాద తెలిసిన మనుషులు కదా! నేను వద్దన్నాను. "రుచి చూడొద్దా?" అంది.

తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు. ప్రతి గ్లాసులో ఆ పలచటి ఎరుపు. డాక్టర్ ఎషెన్‌రోట్ లేచి, గంట బొమ్మ ఉన్న సీసా ఎత్తి చూపిస్తూ మాట్లాడాడు.

"ఈ వైన్ మనకు నేర్పేది ఒక్కటే. ఓపిక. సన్యాసులు గంట కోసం ఆగారు. మనమూ ఆగాం. ఆ ఓపిక ఫలమే ఈ గ్లాసులో ఉంది."

ఊరంతా చప్పట్లు కొట్టింది. నిజంగా కొట్టింది, దేవుడి తోడు. గ్లాసర్ ముసలాయన అందరికంటే గట్టిగా కొట్టాడు. చప్పట్లు ఆగాక కుర్చీ జరిగిన చప్పుడైంది. ఒటీలియ లేచి నిలబడింది. ఆ ఊళ్ళో ఆమె నలుగురిలో గొంతెత్తడం అదే మొదటిసారి.

"డాక్టర్ గారూ, వైన్ చాలా బాగుంది" అంది. "గ్లాసర్ వాళ్ళ తోట ఇందులో ఉంది. విన్‌ఫ్రీట్ తోట ఉంది. ఇక్కడ కూర్చున్న ప్రతి ఇంటి మూడో వంతూ ఇందులో ఉంది. నాది ఉందేమోనని ఆఖరి చుక్క దాకా తాగి చూశాను. నాది లేదు."

ఖాళీ గ్లాసు బల్ల మీద బోర్లించి బయటికి నడిచింది. ఎవరూ లేవలేదు. ఎవరూ ఆగమనలేదు. డైరెక్టరు జున్నుముక్కల పళ్ళెం అందుకోమన్నాడు, పళ్ళెం చేతులు మారింది. నా పక్కన విన్‌ఫ్రీట్ మెల్లగా గ్లాసు నోటి దగ్గరికి ఎత్తాడు. నేను దాన్ని లాక్కుని బల్ల మీద కుమ్మరించాను. తెల్లగుడ్డ మీద ఆ ఎరుపు డైరెక్టరు పళ్ళెం దాకా పాకింది.

"గంట కొట్టిన మనిషికి లేనిది నీకు గొంతు ఎలా దిగుతుందిరా!" అన్నాను. పెళ్ళయ్యాక మొగుణ్ణి రా అనడం అదే మొదలు. తర్వాత చాలాసార్లు అన్నాను.

బయటికి పరిగెత్తి ఒటీలియను అందుకున్నాను. ఇంటికి దారి మందిరం పక్క నుంచే. అక్కడ అతిథుల కార్లు వరసలుగా ఆపి ఉన్నాయి, సరిగ్గా మా వరసలున్న చోట. ఒటీలియ ఆ కంకర మీద అడుగు పెట్టకుండా అంచు వెంబడి చుట్టూ తిరిగి నడిచింది. నేను తిట్టుకుంటూ మధ్యలోంచే నడిచాను.